నేను రాయని పేరా

పొద్దున దుకాణంలో అడుగు పెట్టీ పెట్టగానే బావ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అదరగొట్టావు బావమరిదీ, చివర్లో నా కళ్లు చెమర్చాయి, అన్నాడు. కళ్లు పరీక్ష చేసే మనిషి చెప్తున్నాడు కాబట్టి చెమర్చే ఉంటాయి. దేని చివర్లో అని నేను అడగలేదు. ఆ ప్రశ్న నా నోట్లోంచి బయటపడేలోగా ఆయన తన చీకటి గదిలోకి వెళ్లి, లైటు వేసి, గోడమీది అక్షరాల పట్టీ తుడుచుకుంటున్నాడు.

వెనక గదిలో నా బల్ల ముందు కూర్చుని ఫోన్ తీశాను. నా బ్లాగులో కొత్త పోస్టు ఉంది. నేను పెట్టలేదు. శీర్షిక నాదే. మొదటి పేరాలూ నావే. ఎక్కడ ఆగాలో తేలక అటూ ఇటూ మార్చిన కామా కూడా నేను వదిలిన చోటే ఉంది. ముందు రోజు సాయంత్రం ఆ రాతని ఒక వాక్యం మధ్యలో వదిలేసి ఇంటికి పోయాను. "ఎదుటివాళ్ల నుంచి నాకు కావలసింది" అన్నంతవరకు రాశాను. ఆ తర్వాత ఏమిటో నాకు తట్టలేదు. ఏం కావాలి నాకు? చాలాసేపు కూర్చున్నాను. తెలియనప్పుడు తెలిసినట్టు రాయడం ఇష్టం లేక అక్కడే ఆపి దాచిపెట్టాను.

ఇప్పుడా వాక్యం పూర్తయి ఉంది.

"ఎదుటివాళ్ల నుంచి నాకు కావలసింది కాస్త ప్రేమ, కాస్త ఓపిక. ఆ రెండూ ఇచ్చిన మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నత్తి నాకు శాపం కాదు, వరం. నేను గెలిచాను. మీరూ గెలుస్తారు."

ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. నిద్రపోతున్నవాడికి ఎవరో వేరేవాళ్ల బట్టలు తొడిగి నడివీధిలో నిలబెట్టినట్టు అనిపించింది. దాని వెనకే కోపం వచ్చింది. వచ్చింది మళ్లీ పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ ఉంది.

ఎవరి పని ఇది అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆ బ్లాగు నాకు తయారుచేసి పెట్టింది అక్క. పాస్‌వర్డ్ తెలిసింది నాకూ, అక్కకీ. పైగా సగంలో ఆగిన నా వాక్యం కనిపిస్తే దాన్ని అలా వదిలేసి వెళ్లగలిగే మనిషి కాదు అక్క. ఒలికిన నీళ్లు చూస్తే గుడ్డ తీసుకొచ్చే మనుషులుంటారే, అలాగ.

నాకు మాట్లాడటం వచ్చినప్పటి నుంచీ నత్తి. ఇంకా ముందు నుంచేనేమో, మాట్లాడితే గాని తెలియదు కదా. బళ్లో నా పేరు స్టార్టింగ్ ట్రబుల్. మాట గొంతులోకి వచ్చి తలుపు మూసి ఉన్నట్టు ఆగిపోతుంది. దవడ బిగుస్తుంది. కళ్లు నా ప్రమేయం లేకుండా పక్కకి తిరుగుతాయి. అవతలి మనిషికి అది చూడటం కష్టం. ఆ కష్టం తట్టుకోలేక నా మాట తను అందుకుంటాడు. బస్సులో కండక్టర్ అందుకుంటాడు, మందుల షాపులో కుర్చీలో కూర్చున్న ముసలాయన అందుకుంటాడు. మంగలి అయితే నేను కుర్చీలో కూర్చోగానే నాకేం కావాలో తనే చెప్పి, తనే సరే అనుకుని, కత్తెర తీస్తాడు. అతని పుణ్యమా అని ఎన్నాళ్లనుంచో నాకు నచ్చని తలకట్టుతో తిరుగుతున్నాను.

నేను చేయాల్సింది తల ఊపడం. అదే ఈ ఏర్పాటులోని అసలు విషం. వాళ్లు చెప్పింది నేను చెప్పబోయింది కాకపోయినా తల ఊపితే పని అయిపోతుంది. కాదు అనాలంటే మళ్లీ మొదటినుంచి ఆ మూసిన తలుపు దగ్గరికి వెళ్లాలి. నా మాటగా చలామణీ అయినవాటిలో చాలావరకు ఇతరుల మాటలకి నేను ఊపిన తల ఊపులే. తల ఊపడం వెన్నతో పెట్టిన విద్య నాకు.

అందరికంటే ముందు అందుకునేది అక్క. మిగతావాళ్లు ఊహిస్తారు. అక్క ఊహించదు, తనకి తెలుసు అనుకుంటుంది. ఈ దుకాణంలో ముందు భాగం అక్కది, నవ్వుతూ ఫ్రేములు చూపిస్తుంది. చీకటి గది బావది. వెనక గది నాది. అక్కడ నేనూ, అద్దం అంచులు అరగదీసే చక్రమూ, దానిమీద సన్నగా పడే నీళ్ల చప్పుడూ. ఫ్రేముకి సరిపడేదాకా అద్దాన్ని వేళ్లతో తిప్పుతూ చక్రానికి ఆనిస్తూ ఉండాలి. ఆ పనిలో ఎవరూ నన్నేమీ అడగరు. ముందు గదికీ నా గదికీ మధ్య ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి ఫ్రేములు వస్తాయి, అద్దాలు బిగించినవి పోతాయి. మాటలన్నీ అక్క దగ్గర ఆగిపోతాయి.

నేను కాగితాల మీద ఏవో రాసుకుంటున్నానని కనిపెట్టి, బ్లాగు పెట్టిద్దామన్నది కూడా అక్కే. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బ్లాగు రాసేవాళ్ల శిక్షణకి తీసుకెళ్లింది. చెప్పుల షాపు మీద హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, గుర్రుమనే ఏసీ, చేతిలో మైకు పట్టుకుని అటూ ఇటూ నడిచే ఒకాయన. ఆయనకి మనసులోనే లక్ష్యాల మాస్టారు అని పేరు పెట్టుకున్నాను. ఉద్దేశం లేని బ్లాగు స్టీరింగ్ లేని బండి అన్నాడాయన. నా బండికి ఉన్న జబ్బు స్టీరింగుది కాదు గనక నేను పట్టించుకోలేదు. ఒక్కొక్కరే లేచి, మీరెందుకు రాస్తున్నారో, ఏడాదికి ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ఒకే ఒక్క వాక్యంలో చెప్పండి అన్నాడు. నా ముందు కూర్చున్నావిడ ఏడాదిలో లక్షమంది తన బ్లాగు చదవాలంది. దేని గురించి రాస్తారు అంటే అది ఇంకా అనుకోలేదట. అందరూ చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చింది. లేచాను. నేను రాసేది, అని మొదలుపెట్టి ఆగిపోయాను. హాలు హాలంతా చేసే పని చేసింది. కొందరు చెప్పులవైపు చూశారు, కొందరు నా పెదాలవైపు చూశారు, పక్కన అక్క పెదాలు కదలడం మొదలైంది. మాస్టారు మాత్రం తడుముకోలేదు. రాసేది మీలాంటివాళ్లకి ధైర్యం ఇవ్వడానికి, అంతే కదా సార్, అని మైకులో ప్రకటించాడు. తల ఊపాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ చప్పట్లు నాకే పడ్డాయి.

నేను చెప్పబోయింది అది కాదు. మరేమిటంటే ఇప్పుడు చెప్పలేను, గుర్తులేదు. దీని గురించి నేను చాలా ఆలోచించాను. నోటిదాకా వచ్చి బయటపడని మాట మనసులోకి తిరిగి వెళ్లదు. ఎవరో ఒకరు దానికి తమ ముగింపు తగిలించగానే మనది ఊడిపోతుంది. మిగిలేది వాళ్లదే. ఇన్నేళ్లలో అలా నాలోంచి ఎంత ఊడిపోయిందో, ఇప్పుడు నేనని అనుకుంటున్న ఈ మనిషిలో ఇతరులు తగిలించిన ముగింపులు ఎన్నో, నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఇంటికి రాగానే అక్క బ్లాగు నెత్తిన పెద్ద అక్షరాలతో పెట్టింది: నత్తి నుంచి నమ్మకం దాకా. నేను తీసేయలేదు. ఆ బోర్డు కింద కూర్చుని నాకు ఇష్టమొచ్చింది రాశాను. ధైర్యం గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను ఆగిపోయినప్పుడు ఎదుటి మొహాల్లో ఏం జరుగుతుందో రాశాను. కనుబొమలు పైకెత్తి నన్ను పైకి లాగబోయేవాళ్ల గురించి రాశాను. వాచీ చూడకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకునేవాళ్ల గురించి, నా బదులు తామే ఊపిరి బిగపట్టేవాళ్ల గురించి రాశాను. జాలి అనేది ఎదుటివాడి నోటికి అడ్డంపెట్టే చెయ్యి అని రాశాను. చదివేవాళ్లు తక్కువ. రెండోసారి వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. అందులో ఒకరి పేరు గుటక. అసలు పేరు కాదులెండి. ఆడో మగో కూడా నాకు తెలియదు. మాట మింగేసే అలవాటు వల్ల ఆ పేరు పెట్టుకున్నట్టు మొదటి కామెంట్‌లో రాసి ఉంది. ఆ తర్వాత ప్రతి పోస్టు కిందా ఒక్క మాట: "చదివాను." అంతే. బాగుందనలేదు, బాధేసిందనలేదు, నాకూ ఇలాగే అనలేదు. "చదివాను" అని రాసి వెళ్లిపోయే మనిషి కోసం నేను రాస్తున్నానని అప్పట్లో నాకు తెలియదు.

ఆ పొద్దున నా పోస్టు కింద ఎన్నడూ లేనన్ని కామెంట్లు ఉన్నాయి. పూల బొమ్మలు, జోడించిన చేతుల బొమ్మలు. మీరు మాకు స్ఫూర్తి అన్నవాళ్లు, మా అబ్బాయికి చదివి వినిపించాను అన్నవాళ్లు. వాటి మధ్యలో గుటక ఉంది. ఈసారి ఒక్క మాట కాదు.

"ఇన్నాళ్లూ మీరు నాకు ధైర్యం చెప్పలేదు. అందుకే ఇక్కడికి వచ్చాను. ధైర్యం చెప్పేవాళ్లు నాకు ఇంట్లోనే చాలామంది ఉన్నారు. ఇక సెలవు."

ఫోన్ బల్లమీద పెట్టి ముందు గదిలోకి వెళ్లాను.

అక్క కౌంటర్ మీద ఫ్రేములు వరసగా పరిచి ఒక్కొక్కటే తుడుస్తోంది. కొనేవాళ్లు ఇంకా రాలేదు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. ఎంతమంది చదివారో చూశావా అంది.

నువ్వు, అన్నాను. అంటే, అనబోయాను.

"నేనే పెట్టాను. చెప్పకుండా పెట్టానని కోపమా? నిన్న చూస్తే సగంలో ఉంది. పాపం అలిసిపోయి వదిలేశాడు అనుకున్నా. నువ్వేం రాయబోతున్నావో నాకు తెలియదా?"

కోపం వస్తే మాటలు ధారాళంగా వస్తాయని చాలామంది అనుకుంటారు. కొందరికి వస్తాయేమో. నాకు కోపం వస్తే ఊపిరి మొత్తం అదే తాగేస్తుంది, మాటకి మిగలదు. నీకెవరు, అన్నంతవరకు ఎలాగో వచ్చింది.

నీకెవరు చెప్పారు అంటావు, అంతేగా, అంది అక్క. సరే, తప్పే. అడగాల్సింది. ఇంకెప్పుడూ అడక్కుండా పెట్టను. అయినా మంచే జరిగింది కదరా, నువ్వే చూడు. ఇంతకీ టిఫిన్ తిన్నావా?

నా అభియోగం తనే చదివింది, తన తరఫున తనే వాదించుకుంది, తనే తీర్పు ఇచ్చి తనే శిక్ష మాఫీ చేసుకుంది. నా వాటాకి వచ్చింది తల ఊపడం. ఊపాను కూడా. నా మెడ నన్నడక్కుండానే ఊగింది. ఆ క్షణంలో అక్క కంటే నా మెడ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఇంకో సంగతి, అంది అక్క, ఫ్రేము కాలు మడుస్తూ. లక్ష్యాల మాస్టారు పొద్దున్నే ఫోన్ చేశారట. ఆయన పెద్ద సభ పెడుతున్నారు, అందులో నన్ను వేదిక మీదికి పిలుస్తారట. ప్రసంగం అదీ అక్కర్లేదు, ఆ చివరి పేరా చదివితే చాలట. తను ఒప్పేసుకుంది.

"నువ్వు చదవలేకపోతే పక్కన నేనుంటాను కదా, నేను చదువుతాను," అంది.

తన పేరా, నా పేరు మీద, నా పక్కన నిలబడి, తను చదువుతుంది. నేను తల ఊపుతాను. చప్పట్లు. అక్కకి ఇందులో నవ్వొచ్చేదేమీ కనిపించలేదు. వెటకారం ఆమె రక్తంలోనే లేదు. నిజంగా నా మంచి కోసమే. అదే నన్ను చంపేది. చెడ్డవాళ్ల మీద కోప్పడటం ఎంత తేలికో!

వెనక గదికి వచ్చి చక్రం తిప్పాను. కుట్టుపని చేసే ఒకావిడ దగ్గరచూపు అద్దాలు, ముందు రోజునుంచి ఉన్నాయి. అద్దాన్ని ఆనించాలి గాని నొక్కకూడదు. నాకది కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. నొక్కాను. అంచు పెళుక్కుమని లేచిపోయింది. ఆ నంబరు అద్దం ఇంకోటి లేదు, మళ్లీ తెప్పించాలి. చక్రం ఆపి నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను.

అక్క మీద నాకు కోపం ఈ రోజుది కాదు, చాలా పాతది. కాని దాన్ని ఎప్పుడూ బయట నిలబెట్టలేదు. నిలబెట్టడానికి నాకు చోటు లేదు. ఎందుకంటే నాన్న.

మా ఇంటికి ఎవరైనా వచ్చి, ఏం చదువుతున్నావు బాబూ అని నన్ను అడిగితే, అమ్మ చెప్పబోయేది. నాన్న చెయ్యెత్తి ఆపేవాడు. "వాడే చెప్తాడు, ఉండండి" అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. కాళ్లు బారజాపుకుని, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునేవాడు. వచ్చినవాళ్లు చేతిలో గ్లాసు పట్టుకుని కదలకుండా ఉండిపోయేవాళ్లు. నా నోట్లోంచి ఏమీ రాదు. గది నిండా నేను చెప్పని మాట. అప్పుడు తలుపు చాటునుంచి అక్క నా జవాబు గబగబా చెప్పేసేది. నాన్న లేచి వెళ్లి ఆమెని కొట్టేవాడు. వాడికి నోరు లేదా, నీకెందుకే, అని. మళ్లీ ఎవరైనా వస్తే అక్క మళ్లీ చెప్పేది. దెబ్బ పడుతుందని తెలిసే చెప్పేది. నాకంటే కొంచెమే పెద్ద.

నా వాక్యాల కోసం దెబ్బలు తిన్న మనిషిని నా వాక్యాలు ముట్టుకోవద్దని ఎలా అనడం? కృతజ్ఞత అన్నది నా కోపం మీద కూర్చున్న బండరాయి. దాని కింద కోపం చావలేదు. ఇన్నాళ్లూ చీకట్లో తెల్లగా, పొడుగ్గా పెరుగుతూనే ఉంది.

ముందు గదిలో అక్క ఫోన్ మోగింది. కిటికీలోంచి చూశాను. ఒకాయన నిలువుటద్దం ముందు నిలబడి, అద్దాల్లేని ఫ్రేము ముక్కుమీద పెట్టుకుని, తనకి నప్పిందో లేదో అటూ ఇటూ తిరిగి చూసుకుంటున్నాడు. అక్క ఫోన్ చూసి, మాస్టారు, అని నావైపు నవ్వుతూ ఎత్తి చూపించింది. ఎప్పుడు లేచానో తెలియదు, వెళ్లి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

నేను ఫోన్ మాట్లాడను. ఇంట్లో ఎవరూ నాకు ఫోన్ ఇవ్వరు. ఎదురుగా ఉన్న మనిషికి కనీసం నా దవడ కనిపిస్తుంది, వీడేదో చెప్పబోతున్నాడని తెలుస్తుంది. ఫోన్‌లో నేను ఆగిపోతే అక్కడెవరూ లేనట్టే. హలో, హలో, లైను బాలేదు, అని పెట్టేస్తారు. మాస్టారూ అదే మొదలుపెట్టాడు. హలో, అమ్మా, వినిపిస్తోందా, అన్నాడు. అక్క చెయ్యి చాచింది. నేను ఆమెకి వీపు తిప్పాను.

కళ్లద్దాల దుకాణంలో వీపు తిప్పి లాభం లేదు. ఎటు తిరిగినా అద్దాలే. ఎదుటి అద్దంలో నేను, బిగుసుకున్న నా దవడ. దాని వెనక అక్క, చాచిన చెయ్యి, కదులుతున్న పెదాలు. పక్కన ఫ్రేము పెట్టుకున్న పెద్దమనిషి. ఆగిపోయినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు చూశాను. ఇన్నాళ్లూ ఏదో ఘోరంగా ఉంటుందనుకున్నాను. బరువు ఎత్తబోతున్న మనిషిలా ఉంది. అంతే. దీనికోసమా వీళ్లంతా?

"ఆ చివరి పేరా నేను రాయలేదు," అన్నాను. ఎంతసేపు పట్టిందో పట్టింది.

"అదేనండీ నేను అనేది! మీరు రాయలేదు, మీ హృదయం రాసింది," అన్నాడు మాస్టారు.

నోరు తెరిచి మూసినవాణ్ణి కూడా వదలరు. వాక్యం పూర్తిచేసి చేతిలో పెట్టినా దాని చివర ఇంకో ముక్క అతికిస్తారు. మామూలుగా అయితే అక్కడ తల ఊపేవాణ్ణి. ఫోన్‌లో తల ఊపినా కనిపించదు. ఆ ఒక్కటే ఫోన్‌లో ఉన్న మంచి.

"కాదు. మా అక్క రాసింది. సభకి నేను రాను."

ఈసారి మౌనం అవతలివైపుది. ఆయనకి అది అలవాటు లేదు, పాపం. మరి పోస్టర్ వేయడానికి ఇచ్చేశామండీ, మీ ఫొటో కూడా, అన్నాడు కాసేపటికి. నేను జవాబివ్వలేదు. ఆగాను. ఆగడం నాకు తెలిసినంతగా ఆయనకేం తెలుసు? పెట్టేశాడు.

ఫ్రేము పెద్దమనిషి దాన్ని చప్పుడు కాకుండా కౌంటర్ మీద పెట్టి, మళ్లీ వస్తానమ్మా అని వెళ్లిపోయాడు. చీకటి గది తలుపు సగం తెరుచుకుని బావ మొహం కనిపించింది.

పరాయివాళ్ల ముందు నా పరువు తీశావు, అంది అక్క. గొంతు చాలా చిన్నగా ఉంది. ఇన్నాళ్లూ నీకోసం అంత చేస్తే, అని మొదలుపెట్టింది. నేను చెయ్యెత్తాను. అచ్చం నాన్నలాగా ఎత్తానని ఎత్తాక తెలిసింది. దించలేదు.

"ఒక మాట చెప్తాను. మధ్యలో అందుకోకు."

అక్క అరచేత్తో నోరు మూసుకుంది. చిన్నపిల్లలా, గట్టిగా. నేను మొదలుపెట్టాను. ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. బావ, జనాన్ని రోజంతా ఇదా అదా, ఇది బాగా కనిపిస్తోందా అది బాగా కనిపిస్తోందా అని అడిగి జవాబు కోసం ఎదురుచూడటమే పనిగా ఉన్న బావ కూడా, ఓర్చుకోలేక తలుపు గొళ్లెం మీద వేళ్లతో తాళం వేయసాగాడు. అక్క అరచెయ్యి వెనక పెదాలు కదులుతూనే ఉన్నాయి. వేళ్ల చర్మం కింద అవి కదలడం నాకు కనిపిస్తోంది. కళ్లనిండా నీళ్లు. అప్పటికే నా వాక్యానికి ఒక ముగింపు తయారైపోయింది అక్కడ. అది ఏమిటో కూడా నాకు తెలుస్తూనే ఉంది. పోనీలే అక్కా, అని.

"నాన్న దగ్గర నన్ను కాపాడావు. నాన్న పోయాడు. నువ్వింకా కాపాడుతూనే ఉన్నావు. నా రాత ముట్టుకోకు."

అక్క చెయ్యి తీసింది. చెంపల మీద వేళ్ల అచ్చులు పడ్డాయి.

"అయిపోయిందా?" అంది.

"అయింది."

ఒక ఫ్రేము తీసి దాని కాళ్లు మడిచి వరసలో పెట్టింది. తర్వాత, నాతో కాదన్నట్టు, అంది:

"నువ్వాగితే నాకు ఊపిరాడదురా. ఇప్పటికీ. ఎక్కడినుంచో దెబ్బ పడబోతున్నట్టే ఉంటుంది."

నాకు జాలి కలగాలి. కలిగింది కూడా, కొంచెం. కాని దానికంటే ముందు ఇంకొకటి తట్టింది. అంటే ఇన్నేళ్లూ ఆమె నా మాటలు పూర్తిచేసింది నాకోసం కాదు. తన ఊపిరి కోసం. కండక్టరు, మంగలి, మాస్టారు, ఎవరి ఊపిరి కోసం వాళ్లు. నేను మాత్రం అందరికీ రుణపడి ఉన్నట్టు తల ఊపుకుంటూ తిరిగాను. బండరాయి పక్కకి జరిగింది. కోపం వెలుతురులోకి వచ్చి నిలబడింది. దానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాతకాలపు ఏడుపు కలవని, శుభ్రమైన కోపం.

బావ గొళ్లెం వదిలి, ఆవిడకి ఆగడం రాదు బావమరిదీ, పెళ్లికి ముందు మొదటిసారి కలిసినప్పుడు నేనడిగిన ప్రశ్నలకి నా జవాబులు కూడా తనే చెప్పింది, అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

వెనక గదిలో కూర్చుని ముందు పాస్‌వర్డ్ మార్చాను. చివరి పేరా కొట్టేశాను. కింద ఒక ముక్క చేర్చాను: ఇంతవరకు ఇక్కడ ఉన్న ముగింపు నేను రాసింది కాదు, నా వాక్యం ఇంకా పూర్తి కాలేదు. పోస్టుని అలాగే, "నాకు కావలసింది" దగ్గర తెగిపోయినట్టు ఉంచేశాను. తర్వాత నెత్తిన ఉన్న బోర్డు తీసేశాను. నత్తి పోయింది, నమ్మకం పోయింది, ఖాళీ పెట్టె మిగిలింది. ఈ బ్లాగు ఉద్దేశం ఏమిటో రాయండి అని దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. ఆ హాల్లో లేచి నిలబడినప్పుడు చెప్పలేనిది ఇదేనా అంటే, కాదేమో. అది పోయింది. కాని ఇప్పుడు నాకొకటి తెలుసు. నాకు లక్షమంది అక్కర్లేదు. చదివాను అని చెప్పి పక్కన కూర్చోగలిగే ఒక మనిషి కావాలి, ఆ మనిషి వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ మీదపడి వెన్ను తట్టకూడదు. ఆ పెట్టెలో ఇలా రాశాను:

ఇక్కడ ధైర్యం చెప్పబడదు.

పూల బొమ్మలవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కొందరికి కోపం వచ్చింది, మంచి ముగింపు ఎందుకు తీసేశారని. ఇంకొందరు ఊరుకోలేక నా వాక్యం కింద తమ ముగింపులు రాశారు. కావలసింది గౌరవమా అని ఒకరు, ఆత్మవిశ్వాసమా అని ఒకరు, మంచి డాక్టరా అని ఒకరు. అన్నీ తీసేశాను. తీసేస్తున్నంతసేపూ హాయిగా ఉంది.

గుటక ఇంకా రాలేదు. రాకపోవచ్చు. రోజూ చూస్తున్నాను.

అక్క కొన్నాళ్లు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఫోన్‌లో ఏదో చదువుతోంది. నా పోస్టే. ఎలా తెలిసిందంటే, చివరికి వచ్చేసరికి పెదాలు కదిలాయి. బొటనవేలు కిందికి పోయింది. ఏదో రాసింది. చూసుకుంది. చెరిపేసింది. ఫోన్ బోర్లా పెట్టి, అప్పటికే తుడిచిన ఫ్రేము తీసుకుని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

అప్పుడే కుట్టుపని ఆవిడ వచ్చింది. తన అద్దాలు ఎప్పటికవుతాయమ్మా అని అడిగింది. అక్క నోరు తెరిచింది. మూసింది. కిటికీలోంచి నావైపు చూసింది.

"వాడే చెప్తాడు, ఉండండి," అంది.

నాన్న మాట. నాన్న గొంతు కాదు. తను ఏమందో తనకి తెలిసిందో లేదో నాకు తెలియదు. కౌంటర్ అంచు పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. ఊపిరి బిగబట్టి ఉంది. కుట్టుపని ఆవిడ ఒకసారి ఆమెనీ, ఒకసారి నన్నూ చూస్తోంది.

జవాబు నా నాలుక చివరే ఉంది. ఆ రోజు ఎందుకో తలుపు మూసుకుని కూడా లేదు. చక్రం ఆపాను. చేతులు తుడుచుకున్నాను. అక్క మొహంలోకి చూస్తూ, నా నత్తి ఎన్నడూ ఆపనంతసేపు ఆగాను. కావాలనే. తర్వాత చెప్పాను.

"సాయంత్రానికి."